పెడల్ మీద పాదం ఎక్కడ ఆనించాలి?

రేసు సైకిల్ తొక్కేవాళ్ల కాళ్లు ఎప్పుడైనా గమనించారా? పెడల్ మీద మడమ ఆనదు. బొటనవేలి వెనక ఉబ్బెత్తుగా, గట్టిగా ఒక చోటు ఉంటుంది చూడండి, దాని దగ్గరే పెడల్ ఇరుసు ఉంటుంది. ఎందుకలా?

మడమతో తొక్కితే పిక్కకు పనే ఉండదు. ముందుపాదంతో తొక్కితే పిక్క కండరం చీలమండను బిగబట్టి ఉంచి, తొడలో పుట్టిన బలాన్ని పెడల్ దాకా చేరుస్తుంది. అలాగని వేళ్ల కొసలతో తొక్కకండి, పిక్క తొందరగా అలిసిపోతుంది.

పాదం సంగతి సరే, బలం ఎక్కడ వేయాలి? మీ సైకిల్‌కి స్టాండ్ వేసి, కుడి పెడల్‌ని నిట్టనిలువుగా పైకి తెచ్చి అరచేత్తో కిందికి నొక్కండి. తిరగదు! తలుపు అంచు పట్టుకుని బందుల వైపు నెట్టితే తెరుచుకోదు కదా, ఇదీ అంతే. బలమంతా పళ్లచక్రం నడిబొడ్డుకే పోతోంది. అదే పెడల్‌ని గడియారంలో 3 ఉండే చోటికి తెచ్చి నొక్కండి, గిర్రున తిరుగుతుంది. అసలు బలం చూపాల్సింది అక్కడే.

మరి పైకొచ్చే కాలి సంగతేంటి? 1985లో ఫ్రాన్స్ వీరుడు బెర్నార్డ్ ఇనో బూటు అడుగు టక్కున అతుక్కునే పెడళ్లతో టూర్ ద ఫ్రాన్స్ సైకిల్ రేసు గెలిచాడు. అలాంటి పెడళ్లుంటే పైకొచ్చే కాలితో లాగొచ్చు కూడా. కానీ మామూలుగా తొక్కేటప్పుడు గట్టిగా లాగక్కర్లేదు. వెనక కాలు తన బరువు పెడల్ మీద వేయకుండా తేలిగ్గా లేస్తే చాలు. లేదంటే ఆ బరువునూ ముందు కాలే ఎత్తాలి!