గోడమీది నాచుకూ ఒక పేరుంది

రాజైన సొలొమోను ఎరిగిన సంగతులను చెప్పేచోట, మొదటి రాజుల గ్రంథం 4వ అధ్యాయం 33వ వచనంలో, రెండు మొక్కల పేర్లు వస్తాయి. ఒకటి లెబానోను దేవదారు. రెండవది గోడలో మొలిచే హిస్సోపు. మన ప్రసంగాల్లో దేవదారుకు దొరికినంత చోటు ఈ గోడ మొక్కకు దొరకదు. అయితే స్వీడన్ దేశస్థుడైన హాసెల్‌క్విస్ట్ అనే యువకుడు 1751లో పాలస్తీనాకు వెళ్లి, యెరూషలేము గోడలను పరిశీలించి, ఈ హిస్సోపు ఒక చిన్న నాచు మొక్క అయివుంటుందని అభిప్రాయపడ్డాడు. ఆయన లిన్నేయస్ శిష్యుడు. మరుసటి సంవత్సరమే, ప్రకటన గ్రంథం ద్వారా మనకు తెలిసిన స్ముర్న పట్టణంలో మరణించాడు. నేటి పండితులలో చాలామంది ఆయన మాటను ఒప్పుకోరు. అది మరువం వంటి ఒక సువాసన మొక్క అంటారు. పస్కా రాత్రి ద్వారబంధాలకు రక్తం పూయడానికి హిస్సోపు కుంచెను వాడారు గదా, నాచుతో ఆ పని జరగదు గనుక మాకూ వారి మాటే సబబని తోస్తుంది. ఏది ఏమైనా, ఒక పండితుడు గోడ దగ్గర ఆగి నాచును పట్టి చూశాడన్న సంగతి మాకు నచ్చింది.

మన ఊళ్లలో ఎవరూ అలా ఆగరు. వానాకాలంలో గోడ పచ్చబడితే పాచి పట్టిందంటాం. బావి నీళ్లమీద తెట్టె కట్టేదీ పాచే. మామిడి బెరడుమీద బూడిదరంగు మచ్చలూ పాచే. నిజానికి ఇవి మూడూ మూడు రకాల జీవులు. నీటిలోది శైవలం. బెరడుమీద మచ్చ, బూజు జాతిదీ శైవల జాతిదీ కలిసి చేసే కాపురం. దానిని లైకెన్ అంటారు. గోడమీద మఖమల్ గుడ్డలా మెత్తగా ఉండేదే నాచు మొక్క. ఇంటర్మీడియట్‌లో బోటనీ చదివిన మన పిల్లలకు ఫ్యునేరియా అంటే వెంటనే గుర్తుకు వస్తుంది.

ఈ మొక్కకు పువ్వు లేదు, గింజ లేదు, నిజమైన వేరు లేదు. పట్టుకోవడానికి సన్నని నూగు మాత్రం ఉంటుంది. చాలావాటిలో ఆకు మందం ఒకే ఒక్క కణం. వెంట్రుకలాంటి కాడమీద చిన్న కాయ నిలుస్తుంది. దానికి మూత ఉంటుంది. మూత ఊడితే కాయ నోటి చుట్టూ చాలా రకాలలో దంతాల వరుస కనిపిస్తుంది. ఈ దంతాలకు ఒక లెక్క ఉంది. కొన్నిటికి 4, చాలావాటికి 16, మరికొన్నిటికి 32 లేక 64. కొన్నిటికి ఒకే వరుస, కొన్నిటికి లోపల ఇంకొక వరుస. గాలిలో తేమనుబట్టి ఇవి ముడుచుకొని, విచ్చుకొని, లోపలి పొడిని సమయం చూసి బయటికి వదులుతాయి. సూదిమొనంత నోటికి ఇంత ఏర్పాటు చేసిన సృష్టికర్తను తలంచకుండా ఉండలేము.

ఈ దంతాలను ఆధారం చేసుకొని నాచులను వర్గాలుగా విభజించినవాడు యోహాన్ హెడ్విగ్ అనే వైద్యుడు. 1730లో ట్రాన్సిల్వేనియాలో పుట్టి, జర్మనీలో వైద్యం చేస్తూ, తీరిక వేళల్లో సూక్ష్మదర్శిని ముందు కూర్చునేవాడు. నాచులోనూ ఆడ, మగ భాగాలు వేరువేరుగా ఉన్నాయని చూపినది ఆయనే. 1799లో కన్నుమూశాడు. ఆయన ప్రధాన గ్రంథం 1801లో వెలువడింది. నాచు మొక్కల శాస్త్రీయ నామాలన్నీ, ఒక్క స్ఫాగ్నమ్ తప్ప, నేటికీ ఆ పుస్తకం నుండే లెక్కకు వస్తాయి. ఇప్పుడు జన్యు పరీక్షలు వచ్చి కొన్ని కుటుంబాలను అటూ ఇటూ మార్చినా, దంతాల సాక్ష్యాన్ని ఎవరూ కొట్టివేయలేదు.

లోకంలో నాచు జాతులు సుమారు 12,000. మన దేశంలో 1,500 పైచిలుకు. మైదానంలో ఇటుక గోడలమీద హయోఫిలా వంటి కొద్ది రకాలే కనబడతాయి. మంచు కమ్మే కొండ అడవిలోకి వెళితే సంగతి వేరు. దారి పక్క కోసిన గట్టుమీద ఒకటి, బండమీద ఒకటి, కుళ్లిన మానుమీద ఒకటి, కొమ్మలనుండి గడ్డంలా వేలాడేది మరొకటి. అందుకే పరిశోధకులు మొక్కతోపాటు అది ఎక్కడ అంటుకొని ఉందో కూడా తప్పక రాసుకుంటారు. తమిళనాడులోని పళని కొండల్లో ఫొరో అనే ఫ్రెంచి జెసూట్ గురువు అలా ఓపికగా సేకరించి, ఆ కొండల నాచుల జాబితాను 1961లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో ప్రకటించాడు. కలకత్తాలో గంగూలీ అనే ఆచార్యుడు తూర్పు భారతదేశపు నాచులమీద 1969 నుండి 1980 వరకు భాగాలు భాగాలుగా గొప్ప గ్రంథం వెలువరించాడు.

నాచు ఒక మనిషి ప్రాణం నిలిపిన సంగతి కూడా చెప్పాలి. స్కాట్లాండు వైద్యుడు మంగో పార్క్ 1796 ఆగస్టులో పశ్చిమ ఆఫ్రికాలో నైజర్ నదిని చూసి తిరిగి వస్తుండగా దొంగలు దోచుకున్నారు. గుర్రం పోయింది, దిక్సూచి పోయింది, ఒంటిమీద కొద్దిపాటి బట్టలు మిగిలాయి. వానాకాలం, నిర్మానుష్యమైన అడవి, ఒంటరివాడు. నేలమీద కూలబడిన ఆయన కంటికి కాయ కాసిన ఒక చిన్న నాచు మొక్క కనబడింది. మొక్క అంతా కలిపి వేలి కొనంత. ఈ అడవిలో దీనిని నాటి, తడిపి, ఇంత అందంగా పెంచిన దేవుడు తన పోలికలో చేసిన మనిషిని విడిచిపెడతాడా అనుకొని లేచి నడిచాడు. 1799లో అచ్చయిన తన పుస్తకంలో ఆయనే దీనిని రాశాడు. పార్క్ బావగారైన డిక్సన్ నాచుల నిపుణుడు. ఆ ఇంటి సావాసంవల్లనే కష్టకాలంలోనూ ఆయన కన్ను అంత చిన్న కాయమీద నిలిచిందని మా ఊహ.

ఇంత చిన్నదానికీ సంతలో ధర ఉంది. హిమాలయ పల్లెల్లో చెట్లమీది, బండలమీది నాచును ఒలిచి బస్తాలకెత్తి అమ్ముతారు. నర్సరీలకు పోతుంది, అలంకరణకు పోతుంది. మన రైతులు జామకు, దానిమ్మకు గాలి అంటు కట్టేటప్పుడు చుట్టే తడి నాచు కూడా ఏదో ఒక కొండనుండి వచ్చిందే. నాచు వాననీటిని పట్టి ఉంచి మెల్లగా విడిచిపెడుతుంది. ఒలిచిన చోట మళ్లీ పరచుకోవడానికి ఏళ్లు పడుతుంది. ఒలవకముందు అక్కడ ఏయే జాతులున్నాయో ఎవరూ రాసిపెట్టకపోతే, ఏది పోయిందో కూడా తెలియదు. అంటుకు తడిపిన కొబ్బరి పొట్టు వాడవచ్చు. క్రిస్మస్ పశువుల తొట్టికి ఎండుగడ్డి చాలు.

అరకు వైపు విహారానికి వెళ్లే యౌవన సమాజాలవారు పది రెట్లు పెద్దది చేసి చూపే చిన్న భూతద్దం ఒకటి వెంట తీసుకువెళ్లండి. రక్షిత అడవుల్లో అనుమతి లేకుండా ఏమీ తీయరాదు, కనులారా చూస్తే చాలు. మీ సొంత దొడ్డి గోడదైతే చిటికెడు తీసి కాగితపు పొట్లంలో ఆరనివ్వండి. పొట్లంమీద ఊరు, తేది, గోడా రాయా బెరడా అన్నది రాయండి. కొన్ని నెలల తరువాత ఒక చుక్క నీరు వేస్తే ఆకులు తిరిగి విచ్చుకుంటాయి. అప్పుడు దగ్గరి కళాశాల బోటనీ అధ్యాపకునికి చూపించి పేరు అడగవచ్చు.