సమాధి లేని నావికులు

సికింద్రాబాదుకు లష్కర్ అనే పేరు కూడా ఉన్నదని మనకు తెలుసు. పారశీక భాషలో ఆ పదానికి సైన్యం అని అర్థం. ఆంగ్లేయుల దండు విడిది చేసిన చోటు కావడం వల్ల ఆ నగరానికి ఆ పేరు వచ్చింది. ఆ పదమే పరదేశీయుల నోట మారి ‘లస్కర్’ అయి, ఐరోపా వారి నౌకలలో పనిచేసే భారతీయ నావికులకు పేరుగా స్థిరపడింది. విచిత్రమేమంటే, సైన్యాన్ని సూచించే పేరును మోసిన ఈ నావికుడు చట్టం దృష్టిలో సైనికుడు కాడు. వాణిజ్య నౌకలో జీతానికి కుదిరిన శ్రామికుడు మాత్రమే. అతని చేతిలో ఆయుధం లేదు, ఒంటిపై సైనిక దుస్తులు లేవు. అయినా రెండవ ప్రపంచ యుద్ధకాలంలో, అనగా 1939 నుండి 1945 వరకు, ప్రాణాలు కోల్పోయిన భారతీయ వాణిజ్య నావికుల సంఖ్య సుమారు ఆరు వేలు. వారిలో అత్యధికులకు సమాధి లేదు.

బ్రిటన్ ఒక ద్వీపదేశం. ఆహారధాన్యాలు, చమురు, ఇనుము, ఆయుధాలు, సైనికులు అన్నీ ఆ దేశానికి ఓడల మీదనే చేరాలి. కనుక శత్రువు దృష్టి సహజంగానే సరకుల నౌకలపై పడింది. జర్మనీ, జపాన్ దేశాల జలాంతర్గాములు నీటి అడుగున పొంచి ఉండి, టార్పెడోలను ప్రయోగించి ఆ నౌకలను ముంచివేసేవి. యుద్ధం మొదలయ్యేనాటికి బ్రిటిష్ వాణిజ్య నౌకలలో దాదాపు 50,000 మంది భారతీయులు పనిచేస్తున్నారు. ఆ నౌకల సిబ్బందిలో ఇంచుమించు నాలుగింట ఒక వంతు వారే.

వీరు ఎక్కడివారు? ఇంజను గదిలో పనిచేసేవారు ఎక్కువగా సిల్హెట్ ప్రాంతం నుండి, పైతట్టు మీద పనిచేసేవారు నౌఖాలీ, చిట్టగాంగ్, కొంకణ్, గుజరాత్ తీరాల నుండి, వంటశాలలోను భోజనశాలలోను సేవలందించేవారు గోవా నుండి వచ్చేవారు. ప్రతి బృందానికి ఒక సరంగు నాయకుడు. గోదావరి పడవల మీద ప్రయాణించిన మన పెద్దలకు సరంగు అన్న మాట కొత్తది కాదు. ఓడ మీద మాత్రం సరంగు అధికారం ఎంతో ఎక్కువ. మనుషులను పనిలో కుదిర్చేది, పని చెప్పేది, కప్తానుకు జవాబు చెప్పుకునేది అతడే.

ఇంజను గది ఓడ అడుగుభాగంలో, సముద్రపు నీటిమట్టానికి దిగువన ఉంటుంది. బొగ్గుతో నడిచే నౌకలలో ఒకడు బొగ్గును తోడి తెస్తే మరొకడు దానిని కొలిమిలో వేస్తాడు. ఊపిరాడని వేడి. బయట పగలో రాత్రో తెలియదు. టార్పెడో సాధారణంగా తగిలేది కూడా ఈ భాగానికే. ఇనుప గోడ బద్దలై నీరు లోపలికి దూకినప్పుడు, నిట్టనిలువుగా ఉన్న ఇనుప మెట్లెక్కి పైకి చేరడానికి మిగిలే వ్యవధి ఎంత? పైతట్టు మీద ఉన్నవారికి పడవలైనా అందుతాయి. అడుగున ఉన్నవారికి ఆ అవకాశం అరుదు. ఇంతటి అపాయకరమైన పనికి భారతీయ నావికునికి లభించే వేతనం, అదే ఓడలోని బ్రిటిష్ నావికుని వేతనంలో సుమారు నాలుగో వంతు. 1939లో యుద్ధం మొదలైన కొద్ది వారాలకే భారతీయ నావికులు బ్రిటన్ రేవులలో సమ్మెకు దిగి, కొందరు చెరసాల పాలై, కొంత పెంపును సాధించుకున్నారు. అయినా ఆ అంతరం పూర్తిగా తొలగలేదు.

మునిగిన తరువాత ఏమయ్యేది? 1940 సెప్టెంబర్ 17 రాత్రి, ‘సిటీ ఆఫ్ బెనారస్’ అనే నౌక ఉత్తర అట్లాంటిక్ సముద్రంలో జర్మన్ జలాంతర్గామి దాడికి గురైంది. బాంబు దాడుల నుండి కాపాడేందుకు కెనడాకు పంపుతున్న 90 మంది బ్రిటిష్ బాలబాలికలు అందులో ఉన్నారు. వారిలో 77 మంది మరణించారు. ఆ వార్త విని లోకం కన్నీరు పెట్టింది. పెట్టవలసినదే. ఆ నౌక సిబ్బందిలో అధికసంఖ్యాకులు భారతీయులు. ఉష్ణదేశాల వేడికి అలవాటుపడిన ఆ మనుషులు గాలివానలో, గడ్డకట్టించే చలిలో పడవలలోనే కొయ్యబారిపోయారు. ఒక్క పడవ మాత్రం ఎనిమిది రోజులు సముద్రంలో కొట్టుకుపోయి, చివరకు ఒక విమానం కంటబడింది. అందులోని 46 మందిలో ఆరుగురు బాలురు కాగా, ఎక్కువమంది భారతీయ నావికులే. నాటి పత్రికలలో బాలుర పేర్లు, వారి వెంట ఉన్న ఉపాధ్యాయురాలి పేరు ప్రముఖంగా కనబడ్డాయి. ఆ నావికులను మాత్రం ‘లస్కర్లు’ అనే ఒక్క మాటతో సరిపెట్టారు.

ఈ యుద్ధం మన తీరాన్ని కూడా తాకింది. 1942 ఏప్రిల్ 6వ తేదీన జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. అదే రోజున బంగాళాఖాతంలో, ఒడిశా తీరం వెంబడి పలు వాణిజ్య నౌకలు మునిగిపోయాయి.

ఆ ఏడాదే జరిగిన మరొక ఘటన ‘తిలావా’ నౌకది. 1942 నవంబర్ 20న అది బొంబాయి రేవు నుండి తూర్పు ఆఫ్రికాకు, అటు నుండి దక్షిణాఫ్రికాకు బయలుదేరింది. ప్రయాణికులు 732 మంది, సిబ్బంది 222 మంది, వీరు కాక నలుగురు గన్నర్లు. ప్రయాణికులలో ఆఫ్రికాలోని తమవారిని చేరబోతున్న గుజరాతీ కుటుంబాలు అనేకం. నవంబర్ 23 తెల్లవారుజామున, అందరూ నిద్రలో ఉండగా, జపాన్ జలాంతర్గామి ప్రయోగించిన టార్పెడో నౌకను తాకింది. చీకటిలో ప్రజలు పడవలపైకి ఎగబడ్డారు. అయితే ఓడ వెంటనే మునగలేదు. గండం గడిచిందనుకొని కొందరు తిరిగి ఓడ పైకి చేరుకుంటున్నారు. అంతలో రెండవ టార్పెడో తగిలింది. ఈసారి ఓడ నిలవలేదు. రేడియో అధికారి డంకన్ చివరివరకు సహాయం కోరుతూ సందేశాలు పంపుతూనే ఉండి, ఓడతో పాటు మునిగిపోయాడు. రెండు రోజుల తరువాత ‘బర్మింగ్‌హామ్’ అనే యుద్ధనౌక వచ్చి, సముద్రంలో చెల్లాచెదురైన పడవల నుండి, తెప్పల నుండి 674 మందిని రక్షించింది. ‘కార్తేజ్’ అనే మరొక నౌకకు నలుగురు దొరికారు. మిగిలిన 280 మంది తిరిగి రాలేదు. వారిలో 28 మంది సిబ్బంది.

ఆ 28 మంది ఇళ్ళకు ఏ కబురు అంది ఉంటుంది? యుద్ధకాలంలో నౌకల రాకపోకలు రహస్యం. ఏ ఓడ ఎక్కడ మునిగిందో వెంటనే బయటపెట్టేవారు కారు. నావికుని ఇంటికి ముందుగా చేరేది అతని మరణవార్త కాదు, ‘జాడ తెలియరాలేదు’ అన్న సమాచారం. ఆ మాటలో దుఃఖమూ ఉన్నది, దుఃఖించనివ్వని ఆశా ఉన్నది. ఏదో తెప్ప మీద తేలుతూ ఏ తీరానికో చేరి ఉంటాడని, శత్రువుల చెరలో ఉండి ఉంటాడని ఇల్లాలు ఎదురుచూస్తుంది. అలా నిజంగా చెరలో చిక్కినవారు వెయ్యిమందికి పైగా ఉన్నారు గనుక ఆ ఆశను వెర్రి అనడానికి వీలులేదు. ఆచూకీ లేనివాని కోసం పన్నెండేళ్ళు వేచి, ఆపై దర్భలతో ఆకృతి చేసి దహనం చేసే సంప్రదాయం హిందువులలో ఉన్నది. నావికులలో ఎక్కువమంది ముస్లిములు. వారి ఇళ్ళలోనూ ఖననానికి దేహం లేదు, వెళ్ళి ప్రార్థించడానికి గోరీ లేదు.

దేహం లేనప్పుడు మిగిలేది పేరు. లండన్‌లోని టవర్ హిల్ వద్ద, సముద్రమే సమాధి అయిన వాణిజ్య నావికుల పేర్లను ఓడలవారీగా కంచు పలకల మీద చెక్కారు. రెండవ ప్రపంచ యుద్ధానికి సంబంధించినవే దాదాపు 24,000 పేర్లు. భారతీయ నావికుల పేర్లకు అటువంటి గోడ లేదు. వాటిని పుస్తకరూపంలో ముంబయిలోను, చిట్టగాంగ్‌లోను భద్రపరిచారు. పుస్తకాన్ని ఎవరైనా తెరిస్తేనే పేరు కనబడుతుంది. పైగా సిల్హెట్ యాసలో చెప్పిన పేరును ఆంగ్ల గుమాస్తా తనకు వినబడినట్లు రాసుకుంటే, ఆ తరువాత మనుమడు వచ్చి వెదికినా తాతను గుర్తుపట్టడం కష్టమే.

తిలావాతో పాటు మరొకటి కూడా మునిగింది. దక్షిణాఫ్రికాలో నాణేలు ముద్రించడానికి పంపుతున్న 2,364 వెండి కడ్డీలు ఆ ఓడలో ఉన్నాయి. 2017లో ఒక సంస్థ సుమారు రెండున్నర కిలోమీటర్ల లోతు నుండి వాటిని యంత్రాలతో వెలికితీసి బ్రిటన్‌కు చేర్చింది. ఆ వెండి విషయమై నడిచిన వ్యాజ్యం సుప్రీంకోర్టు వరకు వెళ్ళి, 2024 మే నెలలో దక్షిణాఫ్రికాకు అనుకూలమైన తీర్పుతో ముగిసింది. ఆ కడ్డీలను ఒక్కొక్కటిగా లెక్కించారు.

ఓడ మునిగిన 80 సంవత్సరాల తరువాత, 2022 నవంబర్ 23న, మృతుల వంశీకులు ముంబయిలో సమావేశమై వారికి నివాళులర్పించారు. తిలావా బయలుదేరినది ఆ నగరపు రేవు నుండే.