అమ్ముడు గూడ చదువేనా?

బి.బి.ఏ.లో చేరతానని ఇంట్లో చెప్పిన రోజు మా బాపు రాత్రి పాళీకి పోవడానికి డబ్బా సర్దుకుంటున్నాడు. "అండ్ల ఏం నేర్పుతరు?" అని అడిగాడు. మూడో ఏడు మార్కెటింగ్ తీసుకుంటానని చెప్పాను. "అంటే?" "సరుకు ఎట్ల అమ్మాలె అనేది." బాపు డబ్బా మూత నొక్కి, "అమ్ముడు గూడ చదువేనా బిడ్డా? సంతల కూరగాయలమ్మే ముసల్ది ఏ కాలేజీకి పోయింది?" అని సైకిలెక్కి వెళ్లిపోయాడు.

అవ్వ మాత్రం చాట దించలేదు, తల ఎత్తలేదు. ఆకు కత్తిరిస్తూనే, "పోనీ. బీడీలు చుట్టే చదువు కాకుంటే సాలు" అంది. మా ఇంట్లో అనుమతి అంటే అంతే.

తూర్పు సోలాపూర్‌లో పుట్టినవాళ్లకి మా ఇంటి కథ వేరే చెప్పనక్కర్లేదు. ఇక్కడ మొదటి మిల్లు 1877లో పెట్టారు. ఆ తర్వాత వచ్చిన మిల్లుల్లో పనికోసం తెలంగాణ పల్లెల నుంచి మన పద్మశాలీలు తరాలుగా వచ్చారు. మా తాత అలాగే వచ్చి మిల్లులో చేరాడు. మిల్లు మూతపడ్డాక బాపు సాంచల మీదికి వచ్చాడు. ఆడవాళ్లవి బీడీలు. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. కాలేజీలో అడుగుపెట్టే దాకా ఇంగ్లీషు అంటే నాకు ప్రశ్నపత్రంలో ఒక భాగం మాత్రమే.

మొదటి ఆరు నెలలు నిజంగా ఏడ్చాను. అకౌంట్స్ కష్టం కాదు, అంకెలకి భాష లేదు కదా. ఎకనామిక్స్ కూడా ఎట్లాగో లాక్కొచ్చాను. మేనేజ్‌మెంట్ సూత్రాలు అనే పేపర్‌కి వచ్చేసరికి ఒక్కో వాక్యం మూడుసార్లు చదవాలి. మా క్లాసులో ఇంగ్లీషు మీడియం పిల్లలు చేతులెత్తి మాట్లాడుతుంటే నేను వెనక బెంచీలో నోటు పుస్తకం అంచున తెలుగులో రాసుకునేదాన్ని. డిమాండ్ అంటే గిరాకీ. క్రెడిట్ అంటే ఉధారీ. రెండూ మన ఇళ్లల్లో రోజూ వాడే మాటలే. అంత చిన్న సంగతి తెలిశాక కొంచెం భయం పోయింది.

చేరాలనుకునే పిల్లల కోసం ఇక్కడే ఒక మాట. నేను చేరినప్పుడు పన్నెండో తరగతి మార్కుల మీద సీటు ఇచ్చారు. 2024 నుంచి మహారాష్ట్రలో బి.బి.ఏ., బి.సి.ఏ. కోర్సులకి సీఈటీ పరీక్ష పెట్టారు. పన్నెండో తరగతి ఫలితాలు వచ్చాక చూద్దాంలే అని కూర్చుంటే సీఈటీ గడువు అప్పటికే దాటిపోయి ఉండొచ్చు. మా వీధిలో ఒక పిల్లకి అట్లాగే ఒక ఏడాది పోయింది. ఇంకొకటి, అమ్మకి బీడీ కార్మికురాలి కార్డు ఉంటే పిల్లల చదువుకి కేంద్ర కార్మిక శాఖ స్కాలర్‌షిప్ ఉంది, నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో దరఖాస్తు చెయ్యాలి. మా అవ్వ కార్డు ఇన్నేళ్లు దేవుడి పటం వెనక ఉండిపోయింది. రెండో ఏడు దాకా అది చదువుకి పనికొస్తుందని మాకు ఎవరూ చెప్పలేదు.

మూడో ఏడు మార్కెటింగ్ మొదలైంది. మెకార్తీ అనే అమెరికా ప్రొఫెసర్ 1960లో పుస్తకం రాసి, అమ్మకమంతా నాలుగు 'పి'లుగా విడగొట్టాడు: సరుకు, ధర, సరుకు దొరికే చోటు, దాని గురించి చెప్పడం. వీటి ఇంగ్లీషు పేర్లు నాలుగూ 'పి'తోనే మొదలవుతాయి. తర్వాత కోట్లర్ పుస్తకం 1967లో వచ్చి, ఇప్పటికీ కొత్త కొత్త ముద్రణలతో క్లాసుల్లో నడుస్తోంది. ఈ నాలుగూ ఒక రాత్రి బాపుకి చెప్పాను. అంతా విని, "మరి నేసినోని పేరు ఏ 'పి'ల ఉన్నది?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. మా సార్‌ని అడుగుదామనుకున్నాను కానీ అడగలేదు. సిగ్గేసింది.

ఆ ఏడు ప్రాజెక్టు రిపోర్టు రాయాలి. మా క్లాసులో చాలామంది జిరాక్సు దుకాణంలో పాత రిపోర్టు కొని, పేరు మార్చి ఇచ్చేశారు. నేను బాపు పనిచేసే కారఖానా ఎంచుకున్నాను. అందులో గొప్పతనం ఏమీ లేదు, నాకు తెలిసిన లోకం అదొక్కటే. మాలక్ కూడా మనవాడే, నేను కాకా అంటాను. ఎనిమిది సాంచలు, టెర్రీ తువ్వాళ్లు. ఆ ఏడాది వేరే ఊరి వ్యాపారి ఒకాయన ధర ఇంకా తగ్గించమంటున్నాడని, సాంచలు భంగారుకి అమ్మేస్తానని కాకా అందరితో అంటున్నాడు. బాపుకి అప్పటికి యాభై రెండేళ్లు. వేరే పని నేర్చుకునే వయసు కాదు.

మొదట కొనేవాళ్లని అడగడానికి ఒక ప్రశ్నల కాగితం రాశాను. "మీకు సోలాపూర్ తువ్వాళ్లు ఇష్టమేనా?" అన్నది మొదటి ప్రశ్న. దుకాణం ముందు నిలబడి అడిగితే అందరూ "హో, హో" అన్నారు. మా గైడ్ మేడమ్ ఆ కాగితం చూసి నవ్వింది. జవాబు నోట్లో పెట్టి అడిగితే అదే జవాబు వస్తుంది, ఏం చేశారో అడుగు, ఏం ఇష్టమో అడగకు అంది. మళ్లీ రాశాను. చివరి తువ్వాలు ఎప్పుడు కొన్నారు, ఎక్కడ, ఎంతకి, ఎవరు ఎంచుకున్నారు, కొనేముందు ఏం చూశారు. అప్పుడు అసలు సంగతి బయటపడింది. ఎక్కువమంది చేత్తో తడిమి, ధర అడిగి కొన్నారు. చీటీ తిప్పి చూసినవాళ్లు తక్కువ. పక్కనే ఉన్న వేరే రాష్ట్రపు తువ్వాలుని కూడా సోలాపూర్‌దే అనుకున్నారు. మహారాష్ట్రలో భౌగోళిక గుర్తింపు మొదట దక్కింది మన సోలాపూర్ చద్దరుకే, టెర్రీ తువ్వాలుకి కూడా ఉంది. మన తాతల వైపు పోచంపల్లి ఇక్కత్‌కి ఉన్నటువంటిదే. కానీ ఆ గుర్తింపును వాడుకోవాలంటే నేసేవాళ్లు తమ పేరు విడిగా నమోదు చేయించుకోవాలి. కాకాకి ఆ విషయమే తెలియదు. ఆయన సరుకు చీటీ లేకుండా మూటల్లో పోయి, వేరే ఊర్లో వేరే పేరు తగిలించుకుంటోంది.

సొంత పేరుతో కొంచెం అమ్మి చూద్దాం కాకా అన్నాను. ఆయన ఒప్పుకోవడానికి నెల పట్టింది. అసలు చిక్కు తూకంతో వచ్చింది. మన దగ్గర లెక్క డజనుకి ఇన్ని కిలోలు అని. ఆన్‌లైన్‌లో అడిగేది జి.ఎస్.ఎం., అంటే చదరపు మీటరుకి ఎన్ని గ్రాములు. మా తువ్వాలు 30 అంగుళాల వెడల్పు, 60 అంగుళాల పొడవు. అది 1.16 చదరపు మీటర్లు. ఒకటి 465 గ్రాములు తూగింది, అంటే 400 జి.ఎస్.ఎం. డజను ఐదున్నర కిలోలు దాటుతుంది. నేను క్యాలిక్యులేటర్ నొక్కుతుంటే బాపు తువ్వాలు అరచేతిలో ఒకసారి ఎగరేసి, "ఇది జర పల్చగ ఉన్నది, పైల్ పడుగు బిగిసింది" అన్నాడు. తూస్తే 440. ఆ రోజు నుంచి కాటా కంటే ముందు బాపునే అడిగేదాన్ని.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెప్పాలి.

లేబుల్ రాసింది నేనే. ఇంటర్నెట్‌లో మిగతావాళ్ల లేబుళ్లు చూసి, మెత్తదనం, పీల్చే గుణం, కింద 'రంగు పోదు, గ్యారంటీ' అని పెట్టాను. బాపు చదివించుకుని విని, "మెరూన్ రంగు మొదటి నీళ్లల్ల పోతది బిడ్డా. అద్దకం ఇంకొక నీళ్లు కడిగితె పోదు, గని గా కర్చు కాకా పెట్టడు" అన్నాడు. అందరూ ఇట్లనే రాస్తరు బాపు, రాయకుంటే ఎవరు కొంటరు అన్నాను. ఆయన ఇంకేం మాట్లాడలేదు. నా చదువు మీద ఆయనకున్న గౌరవం అట్లా నా నోటితో నేనే వాడుకున్నాను.

లెక్క ఇలా ఉంది. వ్యాపారికి ఇస్తే ఒక్కోటి 185 రూపాయలు. ఆన్‌లైన్‌లో 329 పెట్టాం. అందులో జీఎస్టీ 16, కమిషన్ 40, కొరియర్ 65, ప్యాకింగ్ 8 పోతే 200. అంటే మిగులు పదిహేను. నా పటంలో ఇది బాగానే కనిపించింది. ఒక తువ్వాలు వెనక్కి వస్తే పోను కొరియర్, రాను కొరియర్, ప్యాకింగ్ కలిపి 138 పోతాయని, అంటే తొమ్మిది తువ్వాళ్ల మిగులు ఒక్క రిటర్న్‌తో పోతుందని నేను ముందుగా వెయ్యలేదు. మెరూన్ తువ్వాళ్లు వరసగా వెనక్కి వచ్చాయి. ఒకావిడ తెల్ల చొక్కా గులాబీ రంగుకి తిరిగిన ఫోటో పెట్టి, కింద రెండు మాటలు రాసింది. అవి ఇక్కడ రాయను.

కాకా నన్నేమీ అనలేదు. బాపుని అన్నాడు, సాంచల మధ్య, తోటివాళ్ల ముందు. "నీ బిడ్డ సదువు నా నెత్తి మీదికొచ్చింది" అన్నాడట. బాపు ఆ మాట మాకు చెప్పలేదు, పక్కింటి పెద్దమ్మ చెప్పింది. రెండు నెలలు బాపు జీతంలో కొంచెం కొంచెం పట్టుకున్నారని కూడా ఆమె ద్వారానే తెలిసింది. ఆ రాత్రి రిపోర్టు కాగితాలన్నీ పొయ్యిలో పెడదామనిపించింది. అవ్వ లాక్కుని బీడీ ఆకుల సంచిలో దాచింది.

రిపోర్టులో ఈ భాగం తీసెయ్యమని, మార్కులు తగ్గుతాయని ఒకరిద్దరు సలహా ఇచ్చారు. నేను ఉంచాను. నష్టం పేజీ ఒకటి వేశాను, ఎన్ని వెనక్కి వచ్చాయో, ఎందుకో, లేబుల్ మీద ఏం రాశానో అన్నీ పెట్టాను. మౌఖిక పరీక్షలో బయటినుంచి వచ్చిన ఆయన ఆ పేజీ దగ్గరే ఆగాడు. "మరి ఈ సరుకు ఎవరికి అమ్మాలి?" అని అడిగాడు. రంగు అక్కర్లేనివాళ్లకి సార్ అన్నాను. ఆ జవాబు అప్పటికప్పుడు నోటికి వచ్చింది. వందకి 71 వేశారు. ఇంటికొస్తూ బస్సులో ఆలోచిస్తే, అది నిజంగానే జవాబు అనిపించింది.

మన చుట్టూ పండరిపురం, తుల్జాపూర్, అక్కల్‌కోట్. ఎటు చూసినా యాత్రికుల లాడ్జిలు. వాళ్లకి తెల్ల తువ్వాళ్లు కావాలి, డజన్ల లెక్కన కావాలి, కొరియర్ లేదు, ఎస్టీ బస్సు చాలు. కాకా దగ్గరికి నేను వెళ్లలేదు, ముఖం చెల్లలేదు. బాపే వెళ్లి, తెల్లవి రెండు డజన్లు నమూనాకి అడిగి తెచ్చాడు. ఏం చెప్పి తెచ్చాడో తెలియదు.

అక్కల్‌కోట్‌కి ఇద్దరం పోయాం. నేను ఇంగ్లీషు, మరాఠీ రెండిట్లో కాగితం రాసుకున్నాను. రెండు లాడ్జిల్లో గుమ్మం దగ్గరే వద్దన్నారు. మూడోచోట మేనేజర్ కాగితం పక్కన పెట్టి, తువ్వాలు మీద గ్లాసు నీళ్లు పోశాడు. నీళ్లు జారిపోయాయి. నా గుండె ఆగినంత పనైంది. బాపు మరాఠీలో మెల్లగా చెప్పాడు: కొత్త తువ్వాలు పీల్చదు సాబ్, మెత్తగా కనిపించడానికి పూసిన మందు ఉంటుంది, రెండు ఉతుకులు పడితే పోతుంది. సంచిలోంచి మా ఇంట్లో వాడే పాత తువ్వాలు తీసి, అదే సాంచ మీద నేసింది, దీని మీద పొయ్యండి అన్నాడు. అది ఎప్పుడు సంచిలో పెట్టాడో నేను చూడలేదు. మేనేజర్ పోశాడు. నీళ్లు ఒక్క చుక్క మిగల్లేదు.

"ఎన్నాళ్లు వస్తుంది?" "మీ చాకలి బ్లీచింగ్ ఎంత పోస్తాడో దాన్ని బట్టి సాబ్. ఎక్కువ పోస్తే ఎవరి తువ్వాలూ నిలవదు."

ఐదు డజన్లు రాశాడు. డబ్బు ముప్పై రోజులకి అన్నాడు, నలభై ఎనిమిదో రోజుకి వచ్చింది. ఆ మధ్య పద్దెనిమిది రోజులు కాకా రోజూ అడిగేవాడు, నేను రోజూ ఫోన్ చేసేదాన్ని.

కాకా ఎనిమిది సాంచల్లో రెండు అమ్మేశాడు. ఆరు నడుస్తున్నాయి, అందులో రెండిటి మీద తెల్లవే. బాపు ఇంకా రాత్రి పాళీయే. నేను పగలు ఒక దుకాణంలో లెక్కలు రాస్తూ, ఆదివారాలు నమూనాల సంచి పట్టుకుని తిరుగుతున్నాను. మెరూన్‌వి ఇంకా కొన్ని మిగిలాయి. వాటి లేబుల్ మీద పాత మాట కొట్టేసి, 'మొదటి రెండుసార్లు విడిగా ఉతకండి, రంగు దిగుతుంది' అని మరాఠీలో చేత్తో రాశాను. పోయిన మంగళవారం బాపు వాటిలో మూడు తీసుకుపోయి పాళీలో తోటివాళ్లకి అమ్మి, డబ్బులు తెచ్చి నా పుస్తకం మీద పెట్టాడు.