గేమ్ డిస్కు కొంటున్నారా? నా లెక్కలు ఇవీ!

మా మేనమామది ఆదిలాబాద్. కరీంనగర్‌లో మా ఇంటికొచ్చినప్పుడల్లా నా షెల్ఫు చూసి ఒకటే మాట: "గీ డబ్బలన్నీ ఏం జేసుకుంటవ్‌రా? ఫోన్ల ఆడుకోరాదు?"

అడగడంలో తప్పేం లేదు. పెద్ద కంపెనీల కొత్త పీఎస్5 గేమ్ ధర వేల రూపాయల్లో ఉంటుంది. చిన్న కుటుంబానికి ఆ డబ్బుతో నెల కిరాణా సామాను వస్తుంది. పైగా మా తరానికి గేమ్ అంటే 'కొనేది' కాదు. టీవీ గేమ్ క్యాసెట్‌లో కాంట్రా, మారియో ఆడాం. దాని మీద '9999 ఇన్ 1' అని ఉండేది, లోపల తిప్పి తిప్పి అవే ఆటలు. తర్వాత గంటకింతని ఇచ్చి పీఎస్2 ఆడే షాపులొచ్చాయి, అక్కడా ఎక్కువగా కాపీ డిస్కులే. చేతికి జీతం వచ్చాక ఒరిజినల్ కొనాలని మనసు లాగుతుంది. కానీ గేమ్‌లు వేలల్లో ఉన్నాయి, జీతం ఒక్కటే. అందుకే సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరిన కొత్తలోనే కొన్ని నియమాలు రాసి పెట్టుకున్నా. మీకూ పనికొస్తాయేమో చూడండి.

1. నెలకు ఇంతే

నా లెక్క నెలకు 1,500 రూపాయలు. ఈ నెల వాడకపోతే వచ్చే నెలకు కలుస్తుంది. ఈఎంఐ మీద మాత్రం గేమ్ కొనను. చాలా గేమ్‌లు వచ్చిన కొన్ని నెలలకే ధర తగ్గుతాయి, ఆగితే పోయేదేం లేదు. ఫుట్‌బాల్, రెజ్లింగ్ గేమ్‌లు ఏటా కొత్తవి వస్తాయి కాబట్టి పాతవి బాగా చవకైపోతాయి. వాటిని సెకండ్ హ్యాండ్‌లోనే తీసుకుంటా.

2. ఒకటి ముగిస్తేనే ఇంకోటి

సీలు తీయని డబ్బాలు పేర్చుకుంటే అది కలెక్షన్ కాదు, గోదాము. చేతిలో ఉన్నది పూర్తిచేశాకో, 'ఇది నావల్ల కాదు' అని అమ్మేశాకో తర్వాతిది.

3. డిస్కులో అసలు గేమ్ ఉందా?

ఇది అన్నిటికన్నా ముఖ్యం. ఆన్‌లైన్ స్టోర్‌లో కొన్నది మన ఆస్తి కాదు, ఆడుకోవడానికి ఇచ్చిన అనుమతి మాత్రమే. నింటెండో 3డీఎస్, వీ యూ కన్సోళ్ల ఆన్‌లైన్ స్టోర్‌లో అమ్మకాలు 2023 మార్చి 27న ఆగిపోయాయి. డిస్కు రూపంలో రాని గేమ్‌లను ఇక అక్కడ కొనే దారే లేదు.

అలాగని డబ్బా ఉంటే చాలనుకోవద్దు. యూబీసాఫ్ట్ వారి 'ది క్రూ' కార్ల గేమ్ 2014లో వచ్చింది. ఆడాలంటే ఇంటర్నెట్ ఉండాల్సిందే. 2024 మార్చి 31న సర్వర్లు ఆపేశారు. డిస్కు కొన్నవాళ్ల దగ్గర డిస్కుంది, ఆట లేదు! నింటెండో స్విచ్ 2కి వస్తున్న కొన్ని కార్డుల్లో గేమ్ ఉండదు, డౌన్‌లోడ్‌కి తాళంచెవి మాత్రమే ఉంటుంది. అందుకే కొనేముందు డబ్బా వెనక చిన్న అక్షరాలు చదువుతా. నెట్ లేకుండా నడుస్తుందా లేదా అని తెలుసుకున్నాకే డబ్బులు తీస్తా.

4. సెకండ్ హ్యాండ్ అయితే వెలుతురులో చూడాలి

డిస్కును వెలుతురుకు పట్టి తిప్పి చూడండి. సీడీలకైతే బొమ్మ ఉన్న వైపు గీతే ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే సమాచారం ఉండేది ఆ పొర కిందే. బ్లూ-రేలో సమాచారం కింది వైపు 0.1 మిల్లీమీటర్ లోతులోనే ఉంటుంది. పైన గట్టి పూత ఉన్నా లోతు గీత పడితే కష్టం. కన్సోల్ అయితే అక్కడే అరగంట నడిపించి చూడాలి. అమ్మేవాళ్లు "ఇంటికెళ్లి చూస్కో అన్నా" అంటే నమస్కారం పెట్టి వచ్చేయడమే.

5. అమెరికా నుంచి అన్న తెస్తానంటే...

పీఎస్4, పీఎస్5 డిస్కులు ఏ దేశంవైనా మన మెషీన్‌లో ఆడతాయి. కాకపోతే తర్వాత కొనే అదనపు భాగాలకు డిస్కు, అకౌంట్ ఒకే ప్రాంతానివై ఉండాలి. పీఎస్2 అలా కాదు. అమెరికా డిస్కు యూరప్ మెషీన్‌లో నడవదు. పాల్, ఎన్‌టీఎస్‌సీ అని రాసి ఉంటుంది, రెండూ సరిపోలాలి.

6. మన ఎండల సంగతి

ఆదిలాబాద్, కరీంనగర్ ఎండలు వేరే చెప్పాలా? రేకుల కింద, సజ్జ మీద డిస్కులు పెట్టొద్దు. డబ్బాలను పుస్తకాల్లా నిలబెట్టండి. వానాకాలం తేమ పట్టకుండా బూట్ల డబ్బాలో వచ్చే సిలికా పొట్లాలు పడేస్తే మేలు. వాడని కంట్రోలర్‌ను రెండు మూడు నెలలకోసారి చార్జ్ చేయాలి, లేదంటే బ్యాటరీ చచ్చిపోతుంది.

7. మనోళ్ల గేమ్ కనిపిస్తే వదలొద్దు

బడ్జెట్ నియమాన్ని పక్కన పెట్టేది దీనికొక్కదానికే. 2009లో పీఎస్2కి 'హనుమాన్: బాయ్ వారియర్' అనే గేమ్ వచ్చింది. చేసింది హైదరాబాద్‌లోని అరోనా టెక్నాలజీస్, విడుదల చేసింది సోనీ. పూర్తిగా మన దేశంలో తయారైన తొలి కన్సోల్ గేమ్‌గా దానికి పేరు. అప్పుడే హైదరాబాద్‌కే చెందిన గేమ్‌శాస్త్ర వాళ్లు 'దేశీ అడ్డా' చేశారు. అందులో కబడ్డీ, గిల్లీదండా, పతంగులు ఉంటాయి. మనం గల్లీలో ఆడిన ఆటలు ప్లేస్టేషన్‌లోకి ఎక్కాయన్న మాట!

వాటి బొమ్మలు ఇప్పటి కళ్లకు పాతగా అనిపించొచ్చు, ఆట కూడా గొప్పగా లేదనొచ్చు. అయినా మన దగ్గర పుట్టిన పరిశ్రమ తొలి అడుగులు అవి. జపాన్, అమెరికాల్లో పాత గేమ్‌లను దాచే మ్యూజియాలు, గ్రంథాలయాలు ఉన్నాయి. మన ఆటల్ని ఇప్పటికి దాచేది ఎక్కువగా ఇళ్లలోని షెల్ఫులే. వాటిని మళ్లీ అచ్చు వేస్తారన్న ఆశ పెద్దగా లేదు.

కాబట్టి ఒక మాట. మీ ఇంట్లో సజ్జ మీద పాత పీఎస్2 మూట ఉంటే, పాత సామాన్లాయనకు తూకానికి వేసేముందు ఒకసారి విప్పి డిస్కుల పేర్లు చదవండి.