కూతనుబట్టి పిట్ట పేరు

పెరటి పిట్టలు కంటికంటె చెవికే ఎక్కువ దొరుకుతాయి. ఆకుల చాటున కూసేదాన్ని చూడబోతే తుర్రుమంటుంది. ఇదివరలో అది ఏ పిట్టో చెప్పడానికి ఇంట్లో పెద్దవారుండాలి. ఇప్పుడు చేతిలో ఫోనుంటే చాలునట!

అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయపు పక్షిశాస్త్ర ప్రయోగశాలవారు తమ ‘మెర్లిన్’ ఆప్‌లో 2021లో ఈ సదుపాయం చేర్చారు. విన్న కూతను ఆ యంత్రం బొమ్మగా మారుస్తుంది. అడ్డంగా కాలం, నిలువుగా స్వరం హెచ్చుతగ్గులు. ఒక్కొక్క పిట్ట కూత ఒక్కొక్క ముగ్గనుకోండి. పక్షిప్రియులు పట్టి పంపిన వేలాది రికార్డులతో నేర్చిన విద్యతో, ఆ ముగ్గు ఎవరిదో పోల్చి చెబుతుంది.

పక్షి పాటను యంత్రంలో పట్టడం కొత్త కాదు. 1889లో జర్మనీలో లుడ్విగ్ కోఖ్ అనే చిన్న కుర్రవాడు ఒక పెంపుడు పిట్ట పాటను మైనపు సిలిండరుమీదికి ఎక్కించాడు. మనకు తెలిసినంతలో మొదటి పక్షి రికార్డు అదే. ఆ పిట్ట మరేదో కాదు, మన అడవుల్లోనూ పాడే శ్యామా!

మా పెరటి రావిచెట్టుమీద ‘టుక్ టుక్’మని ఆగకుండా వినిపిస్తే నేనూ ఫోను పట్టాను. “కాపర్‌స్మిత్ బార్బెట్” అని చూపింది.

“కంసాలి పిట్టరా అది! దానికి యంత్రం దేనికి?” అని నవ్వింది మా అమ్మ.

ఇంగ్లీషువాడికి ఆ కూతలో రాగిపనివాడి సుత్తి వినిపిస్తే, మనవాళ్లకు కంసాలి సుత్తి వినిపించింది. తీతువు పిట్టకైతే దాని అరుపే పేరయింది. రాత్రివేళ అది అరిస్తే కీడని భయపడతాము గాని, నేలమీద పెట్టిన గుడ్లకు ఆపద వచ్చినా అది అలాగే గోల చేస్తుంది. ‘కుహూ’ అనే కోకిలమ్మ నిజానికి మగపిట్ట. ఆడది గోధుమరంగు ఒంటిమీద తెల్లచుక్కలతో ‘కిక్ కిక్’మంటుంది.

తెలుగు పాఠాలు చెప్పుకునే నాకు ఇక్కడే ఒక చింత. పాత నిఘంటువులు తెరిస్తే ఎన్నో పిట్టల పేర్లకు ‘పక్షివిశేషము’ అని మాత్రమే అర్థముంటుంది. పేరు మిగిలింది, పిట్ట ఏదో తెలియదు. కూత, ఊరి పేరు ఒకేచోట చేరితే ఆ ముడి విప్పవచ్చును. ఆ పేర్లు తెలిసిన పెద్దవారు ఉండగానే ఆ పని జరగాలి.

యంత్రం మాటే వేదమనుకోకండి. ఇతర పిట్టలను అనుకరించే పక్షులున్నాయి, వీధి రొదా ఉంది. వీలయితే కంటితోనూ చూడండి. రికార్డును పిట్టలకు వినిపించకండి. పోటీకి మరొకటి వచ్చిందని బెదిరి, అవి గూటిపని మానుకుంటాయి.

ఈ సెలవుల్లో పిల్లలచేత ఒక నోటుపుస్తకం పెట్టించండి. తేదీ, ఊరు, ఫోను చెప్పిన పేరు. దాని పక్కనే బామ్మగారు చెప్పిన పేరు. బామ్మగారి గడి ఖాళీగా వదలవద్దు.