అమీన్‌పూర్ ముగ్గురు పిల్లల హత్య: చాటింగ్ నుంచి అంతదాకా ఎలా వెళ్లింది?

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి సైడ్ నుంచి మన వీడియోలు చూసేవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లకీ మనందరికీ ఉన్న డౌట్ ఒక్కటే. ఫోన్‌లో నడిచే ఒక సంబంధం కోసం ఇంట్లోవాళ్లనే చంపేదాకా మనిషి ఎలా వెళ్తాడు? ఈ రోజు దాని గురించే మాట్లాడుకుందాం. పేర్లు చెప్పను, ఫొటోలు చూపించను. పోలీసులు బయటపెట్టిన వివరాలే చెప్తా, శిక్ష సంగతి కోర్టు చూసుకుంటుంది.

ముందు కేసు. 2025 మార్చి 27 రాత్రి, సంగారెడ్డి జిల్లా అమీన్‌పూర్. ముగ్గురు పిల్లలు, వయసు 12, 10, 8. భర్త పనికి వెళ్లి తిరిగొచ్చేసరికి పిల్లల్లో కదలిక లేదు, భార్య కడుపునొప్పి అంటోంది. పెరుగన్నంలో ఏదో కలిసిందనుకున్నారు, మొదట అనుమానం భర్త మీదకే వెళ్లింది. ఎంక్వైరీలో కథ తిరగబడింది. తల్లే పిల్లలకి టవల్‌తో ఊపిరాడకుండా చేసిందని పోలీసులు ఏప్రిల్ 2న చెప్పారు.

కారణం? పదో తరగతి బ్యాచ్ గెట్ టుగెదర్‌లో పాత క్లాస్‌మేట్ కలిశాడు. ఆ తర్వాత చాటింగ్, వీడియో కాల్స్. పెళ్లి చేసుకుందామని ఆమె అడిగితే, పిల్లలు లేకపోతే చేసుకుంటానని అతను అన్నాడని పోలీసుల మాట.

ఇక్కడ ఆగండి. గెట్ టుగెదర్ తప్పు కాదు, వాట్సాప్ కూడా తప్పు కాదు. చాటింగ్‌లో ఏం జరుగుతుందో చూడండి. అవతలి మనిషి మంచి మూడ్‌లో ఉన్నప్పుడే మెసేజ్ పెడతాడు. అప్పులు, కోపాలు, ఇంట్లో గొడవలు అందులో కనిపించవు. ఇంట్లో ఉన్న మనిషి మాత్రం 24 గంటలూ అన్ని లోపాలతో కనిపిస్తాడు. ఈ పోలికలో ఇంట్లో మనిషి ఎప్పుడూ ఓడిపోతాడు. పైగా అంతా సీక్రెట్ కాబట్టి, "ఏందక్కా ఇది, జర ఆలోచించు" అనడానికి మూడో మనిషి ఉండడు. సీక్రెట్ ఎంత పెద్దదైతే బయటపడుతుందన్న భయం అంత పెద్దదవుతుంది.

వయసుతో కూడా పని లేదు. 2025 జూన్‌లో జీడిమెట్లలో ఒక తల్లి హత్య జరిగింది. ఇన్‌స్టాగ్రామ్‌లో పరిచయమైన 19 ఏళ్ల అబ్బాయి, అతని తమ్ముడు, ఆమె సొంత కూతురు కలిసి చేశారన్నది పోలీసుల కేసు. కూతురు మైనర్.

అయితే ఫోన్ లేకపోతే ఇవి జరగవా? అదే ఏడాది ఆగస్టులో భూపాలపల్లి జిల్లా చిట్యాల మండలం ఒడితల కేసు చూడండి. అదే ఊరి మనిషితో సంబంధం. ముందు భర్త, తర్వాత కూతురు చనిపోయారు. కూతురి మృతదేహం దగ్గర క్షుద్రపూజలు జరిగినట్టు సీన్ క్రియేట్ చేశారని పోలీసులు చెప్పారు. ఫోన్ స్పీడ్ పెంచుతుంది, అంతే. అసలు ముడి మాత్రం "పరువు పోతే ఎట్లా" అన్న భయంలో ఉంది.

ఇంకో అపోహ, "ఆన్‌లైన్‌లో చేస్తే దొరకం" అని. సాఫ్ట్‌వేర్‌లో పనిచేసినోడిగా చెప్తున్నా, ఇది పెద్ద భ్రమ. 2020 అక్టోబర్‌లో మహబూబాబాద్‌లో తొమ్మిదేళ్ల బాబుని కిడ్నాప్ చేసినోడు ఇంటర్నెట్ కాలింగ్ యాప్ వాడి, నంబర్ దొరకదనుకుని డబ్బులు అడిగాడు. అప్పటికే బాబుని చంపేశాడు. నాలుగైదు రోజుల్లోనే దొరికాడు, 2023లో కోర్టు ఉరిశిక్ష వేసింది. ఎన్‌క్రిప్షన్ మెసేజ్ దారిలో ఉన్నప్పుడే కాపాడుతుంది. మీ ఫోన్ సీజ్ అయ్యాక, లేదా అవతలి ఫోన్ దొరికాక ఆ చాట్ అక్కడే ఉంటుంది. కాల్ రికార్డులు, టవర్ లొకేషన్ కంపెనీ దగ్గర ఉంటాయి. డిలీట్ కొట్టినవి కూడా చాలాసార్లు ఫోరెన్సిక్ ల్యాబ్‌లో బయటికొస్తాయి.

సరే, మరి దారి ఏంటి? పెళ్లి నచ్చకపోతే బయటికి రావడానికి చట్టం ఉంది. హిందూ వివాహ చట్టం 13బి కింద, కనీసం ఏడాది విడిగా ఉన్న జంట ఇద్దరూ ఒప్పుకుంటే విడాకులు తీసుకోవచ్చు. వివాహేతర సంబంధం నేరం కాదని సుప్రీంకోర్టు 2018లోనే తీర్పిచ్చింది. విడాకులకి అది కారణం అవుతుంది, జైలుకి మాత్రం కాదు. అంటే బయటపడితే మహా అయితే గొడవ, పంచాయితీ, నాలుగు రోజులు ఊరి మాటలు. హత్యకి భారతీయ న్యాయ సంహిత 103 కింద ఉరి లేదా యావజ్జీవం. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడండి.

ఇంట్లో ఇబ్బంది ఉంటే మహిళలు 181కి, పిల్లల కోసం 1098కి, ప్రాణం మీదకొస్తే 112కి కాల్ చేయండి. మనసు భారంగా ఉంటే టెలి మానస్ 14416, ఫ్రీగా తెలుగులో మాట్లాడతారు.

పెద్దవాళ్లకి ఒక్క మాట. మీ బిడ్డో కోడలో "నాకు ఈ ఇల్లు వద్దు" అంటే చెంప పగలగొట్టకండి, కూర్చోబెట్టి వినండి. ఆ మాట బయటికి చెప్పగలిగిన ఇంట్లో సీక్రెట్ అంతదాకా పెరగదు. అమీన్‌పూర్ ఇంట్లో ఆ ముగ్గురికీ పెళ్లితో, చాటింగ్‌తో ఏ సంబంధమూ లేదు. వాళ్లు అన్నం తిని పడుకున్నారు, అంతే.

ఈ వీడియో మీ ఫ్యామిలీ గ్రూప్‌లో షేర్ చేయండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం. జాగ్రత్త.