ఈకలతో పురుగు, ట్రౌట్‌కు ఎర

హిమాచల్ ప్రదేశ్‌లోని కుల్లు జిల్లాలో తీర్థన్ నది రాళ్ల మధ్య పరుగులు తీస్తుంది. ఆ చల్లని నీటిలో బ్రౌన్ ట్రౌట్ చేపలు రాళ్ల చాటున నిలబడి, ప్రవాహం మోసుకొచ్చే పురుగుల కోసం కాచుకుని ఉంటాయి. నిజానికి ఇవి ఇక్కడి చేపలు కావు. 1900 ప్రాంతంలో బ్రిటన్ నుంచి కాశ్మీర్‌కు, అక్కడి నుంచి కుల్లు లోయకు వచ్చాయి. వాటితోపాటే వాటిని పట్టే ఒక పద్ధతీ వచ్చింది. అందులో వానపాము అక్కర్లేదు. గాలానికి ఈకలు, బొచ్చు, దారం చుట్టి పురుగులా కనిపించే ఎరను తయారు చేస్తారు. దీన్ని ఫ్లై కట్టడం అంటారు.

నేర్చుకోవడానికి కావలసినవి తక్కువే: గాలాన్ని కదలకుండా పట్టే చిన్న వైస్, సన్నని దారపు బాబిన్, పదునైన కత్తెర, కోడిపుంజు మెడ ఈకలు, కాస్త కుందేలు బొచ్చు. ముందు గాలం కాడ మీద, కన్ను దగ్గర నుంచి వంపు దాకా దారాన్ని ఒత్తుగా చుట్టాలి. ఈ పొర లేకపోతే నున్నని ఉక్కు మీద ఏదీ నిలవదు. తర్వాత తోక. కొన్ని ఈక పోగులను కాడంత పొడవున కట్టాలి. బొచ్చును దారం మీద పరిచి, దీపం వత్తి చేసినట్టు ఒకే దిశలో నలిపి చుడితే ఒళ్లు తయారవుతుంది. ఆపైన కోడి ఈకను నాలుగైదు చుట్లు తిప్పితే పోగులు చుట్టూ విచ్చుకుంటాయి. దీని పేరు హ్యాకిల్. చివరగా దారాన్ని దాని మీదే చుట్టి లాగే విప్ ఫినిష్ ముడి.

కొత్తవాళ్లు సాధారణంగా కన్ను దాకా అంతా నింపేసి, ముడికి చోటు లేకుండా చేసుకుంటారు. దారాన్ని ఎంత బిగించాలో పుస్తకం చెప్పలేదు. నాలుగుసార్లు తెంపుకుంటే గానీ ఆ హద్దు వేళ్లకు తెలియదు.

ఉక్కు నీటికంటే దాదాపు 8 రెట్లు సాంద్రమైనది. ఆర్కిమెడిస్ సూత్రం ప్రకారం ఈ ఎర మునిగిపోవాలి. దాన్ని నిలిపేది నీటి తలతన్యత. గది ఉష్ణోగ్రత వద్ద దాని విలువ మీటరుకు సుమారు 72 మిల్లీన్యూటన్లు. ఎర బరువు 50 మిల్లీగ్రాములు అనుకుంటే, నీరు ఈకలను తాకే గీత పొడవు మొత్తం 7 మిల్లీమీటర్లున్నా లెక్కకు సరిపోతుంది. విచ్చుకున్న హ్యాకిల్ పోగులు అంతకంటే ఎక్కువే ఇస్తాయి. అయితే ఈక తడిసి నీరు పీల్చుకుంటే ఈ లెక్క చెల్లదు. అందుకే జాలరులు దానికి నూనె లాంటి పూత రాస్తారు.

కింది నుంచి చూసే చేపకు కథ వేరు. కాంతి వక్రీభవనం వల్ల బయటి ప్రపంచమంతా దానికి 97 డిగ్రీల శంకువులో, నెత్తిమీద ఒక గుండ్రని కిటికీలో కనిపిస్తుంది. 60 సెంటీమీటర్ల లోతులో ఉన్న చేపకు ఆ కిటికీ వెడల్పు సుమారు 136 సెంటీమీటర్లు. దాని చుట్టూ నీటి ఉపరితలం అద్దంలా ఉంటుంది. ఎర కిటికీలోకి రాకముందే, హ్యాకిల్ పోగులు నొక్కిన చిన్న గుంటలు ఆ అద్దంలో మెరుస్తాయి. నిజమైన మేఫ్లై కాళ్లు చేసే గుంటలూ ఇలాంటివే. అందుకే పురుగు రూపాన్ని అచ్చుగుద్దినట్టు దించడం కంటే, అది నీటిమీద నిలిచే తీరును పట్టుకోవడమే ఎక్కువ ఉపయోగం. ఇక ట్రౌట్ తిండిలో ఎక్కువ భాగం నీటి అడుగునే దొరుకుతుంది. మేఫ్లై తన జీవితంలో చాలాకాలం అక్కడే పిల్లపురుగుగా గడుపుతుంది. రెక్కలొచ్చాక అది ఏమీ తినదు, త్వరగానే చనిపోతుంది. కాబట్టి అడుగుకు చేరే బరువైన ఎరలు కట్టడమూ నేర్చుకోవాలి.

ఈకల విషయంలో ఒక చేదు చరిత్ర ఉంది. ద్వీపకల్పపు అడవుల్లో తిరిగే బూడిదరంగు అడవికోడి పుంజు మెడ ఈకల మీద మైనం అద్దినట్టు పసుపు మచ్చలుంటాయి. చిన్న చేప కన్నులా కనిపించే ఆ మచ్చల కోసమే ఒకప్పుడు ఈ పక్షులను చంపి, మెడ చర్మాలను ఐరోపాకు ఎగుమతి చేశారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఈ వేటను నిషేధించింది. మోజు మాత్రం చావలేదు. 2009లో బ్రిటన్‌లోని ట్రింగ్ మ్యూజియం నుంచి, సాల్మన్ ఎరల కోసం కోరుకునే ఈకలున్న 299 పక్షి చర్మాలు చోరీ అయ్యాయి. కొన్ని ఆల్ఫ్రెడ్ రస్సెల్ వాలెస్ సేకరించినవి. ఎక్కడ, ఎప్పుడు దొరికాయో రాసిన చీటీలను చాలా చర్మాల నుంచి తీసేశారు. చీటీ పోయిన చర్మం పరిశోధకుడికి దాదాపు పనికిరాదు.

మొదటి ఎర కట్టడానికి ఇలాంటి ఈక ఏదీ అవసరం లేదు. పెంపుడు పుంజు మెడ ఈకలు చాలు. కట్టడం అయ్యాక గాలం కొనలోని ఎదురుముల్లును చిన్న శ్రావణంతో నొక్కేస్తే, పట్టిన చేపను పెద్ద గాయం లేకుండా తిరిగి నదిలో వదలవచ్చు.